బీడు కొలిచే ముందు తేల్చుకోవలసింది

చిరంజీవి సుజాతకు ఆశీస్సులు.

అనంతపురం మేత బీళ్లలో గడ్డి ఏటా పెరుగుతోందో తరుగుతోందో కొలిచే పనిలో చేరావని తెలిసి సంతోషించాను. చట్రం మంచిదా, టేపు మంచిదా అని అడిగావు. అది రెండో ప్రశ్నమ్మా. ఎక్కడ కొలవాలి, ఎన్నిచోట్ల కొలవాలి అన్నది మొదటిది. గుట్ట వాలులో, వంక గట్టున, గొర్రెలు నీళ్లు తాగే కుంట చుట్టూ గడ్డి ఒకేలా ఉండదు. దారి పక్కన కొలిస్తే మందలు తొక్కిన నేల లెక్క వస్తుంది, ఏపుగా ఉన్నచోట కొలిస్తే కంటికి నచ్చిన నేల లెక్క వస్తుంది. రెండూ బీడు లెక్క కావు. అందుకే ముందు మ్యాపు మీద నేల తీరును బట్టి బీడును భాగాలు చెయ్యి. ఒక్కో భాగంలో కొలిచే చోట్లను చీటీలు తీసి ఎంచుకో. చీటీలో రాయీరప్పా వచ్చినా మార్చకు.

ఇక ఎన్ని అన్నది. 50 మీటర్ల టేపు పరిచి, అరమీటరుకొకటి చొప్పున 100 చోట్ల సన్నని ఊచ దించి, తగిలింది గరికా, చీపురు గడ్డా, వట్టి మన్నా అని రాస్తావు. అలాంటి టేపులు 10 పరిస్తే నీ దగ్గరున్నవి 1,000 నమూనాలు కావు, 10 మాత్రమే. ఒకే టేపు కింది చోట్లన్నీ ఇరుగుపొరుగువే కాబట్టి చాలావరకు ఒకే కబురు చెబుతాయి. ఉన్న టేపు మీద ఊచలు పెంచడం కంటే ఇంకోచోట మరో టేపు పరచడం మేలు. అంచనాలో తేడా సగానికి తగ్గాలంటే మాత్రం టేపులు నాలుగింతలు కావాలి. కనుక ఎంత మార్పును పట్టుకోవాలో ముందే తేల్చుకుని, దానికి తగ్గట్టు మనుషులను, రోజులను అడుగు.

చట్రంతో పని త్వరగా అవుతుందంటారు, నిజమే. 1959లో డాబెన్‌మైర్ అనే వృక్షశాస్త్రవేత్త వివరించిన పద్ధతిలో 20 × 50 సెంటీమీటర్ల చట్రం లోపల గడ్డి కప్పిన మేరను కంటితో చూసి ఆరు తరగతుల్లో ఒకదానిలో వేస్తారు. 25 నుంచి 50 శాతం వరకు ఒకే తరగతి. ఒక చట్రంలో గడ్డి 48 నుంచి 27కు పడిపోయినా కాగితం మీద మార్పు కనబడదు. చాలా చట్రాల సగటులో ఈ లోపం కొంత సర్దుకుంటుంది. కంటి అంచనా మనిషికో తీరుగా ఉండడం మాత్రం సర్దుకోదు. ఊచ తగిలిందా లేదా అన్నచోట ఆ తేడాకు తావు తక్కువ.

ఉపగ్రహ చిత్రాలుండగా ఇదంతా ఎందుకని ఎవరైనా అనవచ్చు. పచ్చదనం ఎంతో అవి చెబుతాయి. అయితే ఆ పచ్చదనం గొర్రె మేసే గడ్డిదా, వయ్యారిభామదా, సర్కారు తుమ్మదా అన్నది నేల మీద చూసి సరిపోల్చుకోకుండా నమ్మలేం. బీడు సంగతి కాపరులకే బాగా తెలుసన్నది మరో మాట. బీడును భాగాలు చేసేటప్పుడు, మొక్కల పేర్లు రాసేటప్పుడు వాళ్లను తప్పక అడుగు. టేపు పరిచే చోటు మాత్రం చీటీకే వదిలెయ్యి. అన్నిటికంటే బలమైన అభ్యంతరం వానది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ నిలకడ లేకుండా కురిసే సీమలో ఒక్క ఏడు గడ్డి తగ్గితే తప్పు మేతదని చెప్పలేం. అందుకే ఏటా అవే చోట్ల, గడ్డి పూతకొచ్చిన అదే దశలో కొలువు. వాన లెక్క పక్కనే రాయి. ప్రతి భాగంలో కొన్ని చోట్లకు కంచె వేయించు. కంచె లోపలా బయటా ఒకేలా తగ్గితే చాలావరకు వాన లోపం, బయటే తగ్గితే మేత బరువు.

టేపు రెండు కొసలా ఇనుప మేకులు పాతించి, వాటి జీపీఎస్ అంకెలు, కొలిచిన తీరు నీ తర్వాత వచ్చేవాళ్లకు అర్థమయ్యేలా పుస్తకంలో రాసిపెట్టు. ఈ ఏడు వేరే పని ఆగినా ఫరవాలేదు, ఇది మాత్రం ముందు చెయ్యి.

ఇట్లు,
నీ మావయ్య