సూది పట్టే ముందు పట్టా చేతికి రావాలి

ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లా జగర్‌గుండాలో ఎవరికైనా చలిజ్వరం వస్తే ఊరి ఆరోగ్య కార్యకర్త మితానిన్ దీదీ ముందు వేలి కొసన చిన్న పోటు పొడుస్తుంది. ఒక్క బొట్టు రక్తం మలేరియా పరీక్ష కిట్టు గుంటలో వేసి, ద్రావణం చుక్కలు కలిపి, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు ఆగుతుంది. ఒక్క గీతే కనిపిస్తే మలేరియా లేనట్టు. ఫాల్సిపారం అనే ప్రమాదకర మలేరియా రకం దగ్గర రెండో గీత తేలితే సంచిలోంచి మాత్రల అట్ట తీస్తుంది. వయసును బట్టి ఆ అట్ట రంగు మారుతుంది. మూడు రోజులు మింగాల్సిన ఆ మాత్రల్లో ఉండే ఆర్టిసునేట్ పుట్టింది చైనా సంప్రదాయ వైద్యంలోంచే. చైనా వైద్యం, ఆధునిక వైద్యం కలిసి పనిచేయగలవా అన్న ప్రశ్నకు దక్షిణ బస్తర్‌లో కళ్లెదుటే కనబడే సమాధానం ఇది.

ఆ మందు కథ తెలుసుకుంటే కెరీర్‌కూ దారి దొరుకుతుంది. 1967 మే 23న చైనా ప్రభుత్వం మలేరియా మందు కోసం రహస్య పరిశోధన మొదలుపెట్టింది. అందులో ఒక బృందానికి నాయకత్వం వహించిన తు యూయూ ముందు ఫార్మసీ చదివారు. తర్వాత రెండున్నరేళ్లు సంప్రదాయ వైద్యంలో శిక్షణ పొందారు. నాలుగో శతాబ్దపు వైద్యుడు గ హోంగ్ రాసిన గ్రంథంలో ఛింగ్‌హావ్ మొక్కను నీళ్లలో నానబెట్టి పిండమని ఉండటం ఆమె గమనించారు. మరిగిస్తే మందుగుణం పోతోందేమోనని అనుమానించి, తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీశారు. 1971లో ఎలుకల మీద, కోతుల మీద అది పనిచేసింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. పాత గ్రంథం ఆమెకు ఆచూకీ ఇచ్చింది. ఆ మందును రోగి దాకా చేర్చింది ప్రయోగశాలలో జరిగిన పరీక్ష. రెండూ చదివిన మనిషి కాబట్టే ఆమె ఆ రెండింటినీ కలపగలిగారు.

చైనా వైద్యంలోనే మరో భాగమైన ఆక్యుపంక్చర్, అంటే సూది వైద్యం, నేర్చుకుంటే బతకొచ్చా, సొంతంగా క్లినిక్ పెట్టుకోవచ్చా అని అడిగే ఇంటర్ విద్యార్థికి నేను చెప్పేది ఒక్కటే. ముందు చట్టం గుర్తించిన వైద్య అర్హత ఒకటి సంపాదించు, దాని మీద ఆక్యుపంక్చర్ చేర్చుకో. ఈ వరస తిరగేస్తే నీకూ ప్రమాదం, నీ దగ్గరికి వచ్చిన మనిషికీ ప్రమాదం.

మన దేశంలో ఆక్యుపంక్చర్ కూడా ఈ వరసలోనే అడుగుపెట్టింది. జపాన్ దాడిలో నలిగిపోతున్న చైనాకు 1938లో భారత జాతీయ కాంగ్రెస్ అయిదుగురు డాక్టర్లను పంపింది. వారిలో ద్వారకానాథ్ కోట్నీస్ 1942 డిసెంబరులో అక్కడే కన్నుమూశారు. తిరిగొచ్చిన బిజయ్ కుమార్ బసు 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి సూది వైద్యం నేర్చుకుని, 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు. సూది చేతపట్టే నాటికే ఆయన అనుభవమున్న అల్లోపతి డాక్టరు.

ఇప్పుడు చట్టం సంగతి. కేంద్ర ఆరోగ్య శాఖ 2003 నవంబరు ఉత్తర్వులో ఆక్యుపంక్చర్‌ను ఒక చికిత్సా విధానంగా అంగీకరించింది. రిజిస్టర్డ్ డాక్టర్లు గానీ తగిన శిక్షణ పొందినవారు గానీ చేయవచ్చంది. 2019 ఫిబ్రవరి 21న దాన్ని స్వతంత్ర చికిత్సా పద్ధతిగా గుర్తించింది. ఇంతమాత్రాన ఆక్యుపంక్చర్ డిప్లొమా ఉన్నవాళ్లంతా డాక్టర్లు అయిపోరు. ఈ పద్ధతికి ప్రత్యేకంగా చట్టం చేసిన రాష్ట్రాలుగా పశ్చిమ బెంగాల్ (1996), మహారాష్ట్ర (2015) పేర్లు చెప్పుకోవాలి. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి చట్టం లేదు. కాబట్టి ఆరు నెలల్లో, కొన్నిసార్లు ఆరు వారాంతాల్లో, పేరు ముందు డాక్టర్ అని రాసుకునే హక్కు ఇస్తామనే ప్రకటనలను నమ్మి అమ్మానాన్నల మిర్చి కూలి డబ్బులు పోయకండి. చైనా వెళ్లి అక్కడి సంప్రదాయ వైద్య డిగ్రీ తెచ్చుకున్నా ఇక్కడ ఎంబీబీఎస్ డాక్టరుగా రిజిస్ట్రేషన్ రాదు. ఏజెంటు మాటకు ముందు నేషనల్ మెడికల్ కమిషన్ నిబంధనలు చదవండి.

ఒక తీర్పు కూడా గుర్తుంచుకోవాలి. హోమియోపతి చదివిన వైద్యుడు జ్వరంతో వచ్చిన రోగికి అల్లోపతి మందులిచ్చాడు, ఆ రోగి చనిపోయాడు. 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు దాన్ని నిర్లక్ష్యంగానే తేల్చింది. తాను చదవని వైద్యం చేయడమే అక్కడ తప్పయింది. సూదులు నేర్చుకుని పక్కన యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు కూడా వేద్దామనుకునేవారికి ఈ తీర్పు వర్తిస్తుంది.

మరి ఏం చదవాలి? బైపీసీ చదివి నీట్ రాస్తే ఆయుర్వేద డిగ్రీ బీఏఎంఎస్‌కు దారి ఉంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. ఇంటర్ సైన్సు సబ్జెక్టుల్లో జనరల్ విద్యార్థులకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40 శాతం మార్కులు ఉండాలి. నీట్‌ను హిందీలోనూ తెలుగులోనూ రాయొచ్చు. ఇది సుక్మా పిల్లలకూ చింతూరు పిల్లలకూ కలిసొచ్చే విషయం. హైదరాబాద్‌లో బీఆర్‌కేఆర్, వరంగల్‌లో అనంతలక్ష్మి, విజయవాడలో ఎన్‌ఆర్‌ఎస్, తిరుపతిలో ఎస్వీ ఆయుర్వేద కళాశాలలున్నాయి. ఛత్తీస్‌గఢ్ స్థానికతతో చదివితే రాయ్‌పూర్ ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. బీఎన్‌వైఎస్ అంటే ప్రకృతి వైద్యం, యోగా. అదీ అయిదున్నరేళ్లే, కాకపోతే ఆక్యుపంక్చర్ దాని పాఠ్యాంశాల్లోనే ఉంటుంది. హైదరాబాద్‌లోని గాంధీ ప్రకృతి వైద్య కళాశాలలో ఈ కోర్సుంది. ప్రకృతి వైద్యం భారతీయ వైద్య పద్ధతుల జాతీయ కమిషన్ పరిధిలోకి రాదు. ఏ రాష్ట్రంలో స్థిరపడాలనుకుంటే అక్కడి రిజిస్ట్రేషన్ నిబంధనలు చేరకముందే చూసుకోవాలి. ఎంబీబీఎస్ సీటు వస్తే అంతకన్నా మేలు. ఫిజియోథెరపీ, నర్సింగ్ చదివినవాళ్లు కూడా నొప్పి చికిత్సలో ముందుకు పోవచ్చు.

జగర్‌గుండా లాంటి చోట మాత్రం డిగ్రీ ఒక్కటే చాలదు. ఛత్తీస్‌గఢ్ అనుభవమే ఇందుకు ఉదాహరణ. ఇది కెరీర్ పేజీల్లో ఎవరూ చెప్పని కథ కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, 2001లో, అడవి ఊళ్లకు డాక్టర్లు రావడం లేదని ప్రభుత్వం మూడేళ్ల వైద్య కోర్సు ప్రారంభించింది. డాక్టర్ల సంఘాలు ఎదిరించాయి. కోర్సు పేరు మార్చారు, ఆధునిక వైద్యంతో పాటు ప్రత్యామ్నాయ వైద్యాలూ అందులో చేర్చారు. తమ చదువుకు విలువేమిటో తెలియక విద్యార్థులు రోడ్డెక్కారు. కొన్నేళ్లకే కోర్సు మూతపడింది. అప్పటికే పాసైనవారిని గ్రామీణ వైద్య సహాయకులుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నియమించారు. తర్వాత 2010లో వెలువడిన ఒక అధ్యయనం ఆ రాష్ట్రంలోని ఆరోగ్య కేంద్రాలు నడిపేవారి సామర్థ్యాన్ని పోల్చింది. మలేరియా, విరేచనాలు, న్యుమోనియా లాంటి మామూలు జబ్బుల విషయంలో ఈ సహాయకులు ఎంబీబీఎస్ డాక్టర్లతో ఇంచుమించు సమానంగా నిలిచారు. ఆయుర్వేదం లాంటి పద్ధతులు చదివిన ఆయుష్ డాక్టర్లు వారికన్నా వెనకబడ్డారు.

నేను దీన్నుంచి తీసుకునే అర్థం ఇది. అయిదున్నరేళ్లు చదివినవాళ్లు మూడేళ్లు చదివినవాళ్ల కన్నా వెనకబడ్డారంటే తెలివి తక్కువై కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎదురయ్యే జబ్బుల మీద వారికి శిక్షణ దొరకలేదు. ఆ లోటు తీర్చే దారి ఇప్పుడుంది. బీఏఎంఎస్, నర్సింగ్ పట్టభద్రులు సామాజిక ఆరోగ్యంలో ఆరు నెలల బ్రిడ్జ్ కోర్సు చేస్తే ఉప కేంద్రాల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు కావచ్చు. తెలంగాణలో పల్లె దవాఖానాల్లో బీఏఎంఎస్ చదివినవారిని తీసుకున్నారు. పిల్లల ఆరోగ్య పరీక్షలకు ఊరూరా తిరిగే బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాల్లో ఆయుష్ డాక్టర్లే ఉంటారు. ఇవన్నీ నోటిఫికేషన్లు వచ్చే ఉద్యోగాలు. ఆక్యుపంక్చర్ పేరుతో ప్రభుత్వ పోస్టు కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం కంటే ఈ ఉద్యోగాల్లో ఒకదానిలో చేరి, సూది వైద్యాన్ని అదనపు నైపుణ్యంగా సాధన చేయడం ఎంతో మేలు.

ఇక సూది దేనికి పనికొస్తుంది? జగర్‌గుండా చుట్టుపక్కల నుంచి ఏటా మిర్చి కోతలకు ఖమ్మం, భద్రాద్రి వైపు వచ్చే కూలీల నడుములు అడగండి. వేసవిలో తునికాకు కోత, ఇప్పపువ్వు ఏరడం, చింతపండు బుట్టలు మోయడం. మోకాలి నొప్పి, నడుం నొప్పి, మెడ పట్టేయడం ఇక్కడ రోజువారీ బాధలు. 2012లో 29 ప్రయోగాల్లోని దాదాపు 18 వేల మంది వివరాలను కలిపి చూసిన విశ్లేషణ, దీర్ఘకాలిక నొప్పులకు ఆక్యుపంక్చర్ ఉపశమనం ఇస్తుందని తేల్చింది. ఉత్తుత్తి సూదులతో పోల్చినప్పుడు మాత్రం తేడా చిన్నదే. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2016లో నడుం నొప్పికి ఇది వద్దంది. 2021లో కారణం దొరకని దీర్ఘకాలిక నొప్పికి ప్రయత్నించవచ్చంది. ఈ రెండు మాటలూ తెలిసినవాడే నిజాయితీగా ప్రాక్టీసు చేయగలడు. షుగరు పోతుంది, క్యాన్సర్ తగ్గుతుంది, ఫిట్స్ మాత్రలు మానేయండి అని బోర్డు రాసేవాడి దగ్గర శిక్షణకు చేరకండి.

బస్తర్‌లో ఒళ్లునొప్పులను తేలిగ్గా తీసుకోకూడదు. ఆదివాసుల్లో సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. కీళ్లు, ఎముకలు పట్టి పీకే నొప్పితో వచ్చిన పదిహేనేళ్ల పిల్లకు కావాల్సింది రక్త పరీక్ష. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ఆ పరీక్షల కోసమే. ఎంతకూ తగ్గని నడుం నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నెముకలో క్షయ కావచ్చు. మలేరియా ముక్త్ బస్తర్ కార్యక్రమం 2020 జనవరి నుంచి లక్షణాలు లేనివారికి కూడా ఎందుకు రక్త పరీక్ష చేస్తోందంటే, ఇక్కడ జ్వరం లేకుండానే ఒంట్లో పరాన్నజీవి దాగి ఉంటుంది. పరీక్షించకుండా సూది గుచ్చితే నొప్పి కాస్త తగ్గొచ్చు, అసలు జబ్బు లోపల పెరుగుతుంది.

చేతి పని ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. వాంతులకు వాడే నైగ్వాన్ బిందువు మణికట్టు మడత నుంచి పైకి, రెండు నరాల్లా కనబడే స్నాయువుల మధ్య ఉంటుంది. ఎంత పైకి అంటే రోగి బొటనవేలి వెడల్పుకు రెండింతలు. కొలత రోగి వేలితోనే, మన వేలితో కాదు. సూది ఇంజెక్షన్ సూది కన్నా చాలా సన్నం, తరచు పావు మిల్లీమీటరు. భుజం పైన, వీపు మీద లోతు తప్పితే ఊపిరితిత్తి పొర చిల్లుపడవచ్చు. అది ప్రాణాంతకం కావచ్చు. కాబట్టి శరీర నిర్మాణ శాస్త్రం రానివాడు అక్కడ చేయి పెట్టకూడదు. ప్రతి సూదీ కొత్తదే వాడాలి. వాడినదాన్ని 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం చిల్లుపడని తెల్ల డబ్బాలోనే వేయాలి. శిక్షణలో చేరే ముందే మీరు హెపటైటిస్ బి టీకా మూడు డోసులు వేయించుకోవాలి.

శిక్షణ కేంద్రం ఎంచుకునేటప్పుడు సిలబస్ కంటే ముందు ఒక విషయం అడగండి: అనుభవమున్న డాక్టరు పక్కన నిలబడి ఎంతమంది రోగులకు నా చేతితో సూదులు పెట్టనిస్తారు? బొమ్మ మీద నేర్పి పంపేస్తే అది శిక్షణ కాదు.

ఊళ్లో పసరు వైద్యం చేసే వడ్డె దగ్గరికి జనం వెళ్తారు, వెళ్తూనే ఉంటారు. పసరు వైద్యానికి గౌరవం లేని చోటు కాదు ఇది. నారాయణ్‌పూర్ వైద్యరాజ్ హేమ్‌చంద్ మాంఝీకి 2024లో పద్మశ్రీ ప్రకటించారు. ఆయుర్వేద డాక్టరు రామచంద్ర గోడ్బోలే, భార్య సునీతతో కలిసి దంతేవాడ వైపు బార్సూర్‌లో దశాబ్దాలుగా ఆదివాసుల ఆరోగ్యం కోసం పనిచేశారు. మీరు డిగ్రీతో వెళ్లినా వడ్డెను చిన్నచూపు చూడకండి. జ్వరం, గర్భిణికి రక్తస్రావం, పాము కాటు లాంటివి ఎదురైనప్పుడు ఆయనే మనిషిని మీ దగ్గరికి పంపేంత నమ్మకం కుదుర్చుకోండి. దోర్నపాల్ నుంచి జగర్‌గుండాకు 56 కిలోమీటర్ల దారిలో ఏళ్ల తరబడి బస్సే తిరగలేదు. అలాంటి చోట ఒక్క గంట ముందు కబురందడమే ప్రాణం నిలబెడుతుంది.

కోంటా, చింతూరు, భద్రాచలం, సుక్మా వైపు ఇంటర్ చదువుతున్న పిల్లలారా, మీకు తెలుగు వచ్చు, కోయ భాష వచ్చు, పని చేయించుకునేంత హిందీ వచ్చు. ఎక్కడ నొస్తోందో ఎప్పటినుంచి నొస్తోందో అవ్వ తన భాషలో చెప్పుకోగలిగే డాక్టరు ఈ ప్రాంతానికి చాలా అరుదు. ఈ ఏడాదే నీట్ నోటిఫికేషన్ తేదీ చూసుకుని, కుల ధ్రువీకరణ, స్థానికత పత్రాలు ఇప్పటినుంచే సిద్ధం చేసుకోండి. సూదులు తర్వాత నేర్చుకోవచ్చు.