సైకిలు కడసీల

ఎడ్లబండి చక్రము ఇరుసునుండి జారిపోకుండ కాపాడునది కడసీల. అది బెత్తెడు పొడవు గల ఇనుపముక్క. బండిని చూచువారి కన్ను ఎద్దుల కొమ్ములమీద పడును; చక్రముల ఎత్తుమీద పడును; కడసీలమీద మాత్రము పడదు. కాని అనుభవము గల బండివాడు ప్రయాణమునకు ముందు వంగి, రెండు ప్రక్కల కడసీలలను చేతితో తాకి చూచుకొనును. అది ఊడినచో బండి నడిదారిలో ఒరిగిపోవునని అతనికి తెలియును.

సైకిలునకు కూడ ఇట్టి కడసీల కలదు. మన ఊళ్ళలో నిత్యము తిరుగు సైకిళ్ళలో ఆ పని చేయునవి ఇరుసు కొనలకు బిగించు నట్టులు. పానా లేనిదే అవి ఊడవు. కొండదారులలో నడుపుటకై చేసిన మౌంటెన్ బైకులు అనేకములకు ఈ నట్టులు ఉండవు. వానికి బదులుగా, చేతితో తెరచి మూయదగిన మీట గల సన్నని చువ్వ యొకటి ఉండును. దానిని దుకాణములలో క్విక్ రిలీజ్ స్క్యూవరు అందురు. ఈ పాఠములో అది మీటచువ్వ అని వ్యవహరింపబడుచున్నది. చూపునకు స్వల్పమైన ఈ వస్తువును ఎట్లు ఎన్నుకొనవలెనో, ఎట్లు బిగింపవలెనో తెలిసికొనుట సైకిలు నడుపు ప్రతివారికిని అవసరము.

మీటచువ్వ చరిత్రతో ఇటలీ దేశస్థుడగు తుల్లియో కాంపాన్యోలో పేరు ముడివడియున్నది. ఆయన 1901లో వీచెన్జా నగరమున జన్మించెను. యౌవనమున సైకిలు పందెములలో పాల్గొనెడివాడు. ఆ కాలపు పందెపు సైకిళ్ళ వెనుక చక్రమునకు ఇరువైపుల వేరువేరు పరిమాణములు గల పళ్ళచక్రములు ఉండెడివి. సమతలమున ఒకదానిని, ఎత్తు ఎక్కునప్పుడు మరియొకదానిని వాడవలెను. ఇందుకై నడుపువాడు దిగి, రెక్కల నట్టులను విప్పి, చక్రమును ఊడదీసి, వెనుకకు త్రిప్పి మరల తగిలింపవలసియుండెను. 1920వ దశకమున ఒక నవంబరు మాసపు పందెములో ఆయన క్రోచే దావునే అను కనుమను ఎక్కుచుండగా మంచు కురిసెననియు, చలికి కొయ్యబారిన వ్రేళ్ళతో నట్టులను విప్పలేకపోయెననియు, గెలుపు చేజారెననియు సైకిలు ప్రపంచమున ఒక కథ ప్రసిద్ధముగా చెప్పుకొందురు. ఆయన 1933లో వీచెన్జాలో స్వంత సంస్థను నెలకొల్పెను. చక్రమును క్షణములో విప్పి తగిలించు మీటచువ్వ ఆయన పేరుతోనే లోకమున వ్యాపించినది.

మీటచువ్వ నిర్మాణము కష్టమైనది కాదు. చక్రపు నడుమ నుండు హబ్బులోని ఇరుసు లోపల బోలుగా ఉండును. సుమారు 5 మిల్లీమీటర్ల లావు గల చువ్వ ఆ బోలులోనుండి దూరి రెండు ప్రక్కలకు వచ్చును. ఒక కొనయందు మరలు ఉండును. అక్కడ నట్టును తగిలింతురు. రెండవ కొనయందు మీట ఉండును. మీట మొదట కేంద్రము తప్పిన గుండ్రని లోహపు ముక్క యొకటి కలదు. దానిని కామ్ అందురు. మీటను మూసినప్పుడు ఈ ముక్కలోని ఉబ్బెత్తు భాగము తిరిగి వచ్చి చువ్వను వెలుపలికి లాగును. ఆ లాగుడు కొలతకు స్వల్పమే. అయినను దానివలన చువ్వ రవంత సాగి, వీణతీగవలె బిగియును. ఆ బిగువుతో మీట తల ఒకవైపునను, నట్టు రెండవవైపునను నిలిచి ఫోర్కు కొనలను ఇరుసునకు అదిమి పట్టును. చక్రమును నిలుపునది చువ్వ లావు కాదు, ఈ అదుముడే. ఈ ఒక్క మాట జ్ఞాపకమున్నచో తక్కిన విషయములన్నియు సులభముగా బోధపడును.

చదునైన బాటలలో పందెములకై పుట్టిన ఈ సాధనము తరువాత కొండదారులకు కూడ వచ్చినది. 1970వ దశకమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, టమాల్పైస్ పర్వత ప్రాంతమున కొందరు యువకులు లావు టైర్ల పాత సైకిళ్ళను కొండపైకి చేర్చి, మట్టిదారుల వెంట వేగముగా దిగుట మొదలుపెట్టిరి. 1976లో అక్కడ రీప్యాక్ అను పందెము ఆరంభమైనది. ఆ దారి సుమారు రెండు మైళ్ళలో 1300 అడుగులు దిగును. ఒక్కసారి దిగునప్పటికే వెనుక హబ్బులోని బ్రేకు మిక్కిలి వేడెక్కి, లోపలి గ్రీజు పొగయై పోయెడిది. మరల గ్రీజు నింపవలసి వచ్చుటచే పందెమునకు ఆ పేరు కలిగెను. ఇట్టి ఆటలనుండియే మౌంటెన్ బైకు రూపొందినది.

కొండదారిలో మీటచువ్వకు పరీక్ష ఎక్కువ. రాళ్ళమీద చక్రము ఎగిరి పడును. బురద ప్రతి సందులోను దూరును. వీనిని మించినది డిస్కు బ్రేకు. ముందు చక్రమునకు ఎడమవైపున ఉక్కు పళ్ళెము ఉండును. ఎడమ ఫోర్కు కాలికి వెనుకప్రక్కగా ఆ పళ్ళెమును పట్టు దవడ ఉండును. సైకిలు ముందుకు పోవునప్పుడు చక్రపు వెనుకభాగము పైకి తిరుగుచుండును. దవడ పళ్ళెమును పట్టుకొనగానే ఆ కదలికను అడ్డగించి దానిని క్రిందికి నెట్టును. ఫోర్కు కొనలలోని గాళ్ళు క్రిందివైపునకే తెరచియుండును. కావున బ్రేకు వేసినప్పుడెల్ల ఇరుసును గాడిలోనుండి క్రిందికి త్రోయు బలము పుట్టుచుండును. దానిని ఎదిరించి నిలుచునది మీటచువ్వ అదుముడు. ఫోర్కు కొనలలో చిన్న గట్లు కూడ ఉండును. మీట వదులైనను చక్రము వెంటనే జారిపోకుండ అవి కొంత ఆపును. ఆ గట్లు అడ్డమని తలచి కొందరు ఆకురాయితో అరగదీయుదురు. అది తన ప్రాణమునకు ఉన్న కంచెను తానే తీసివేయుట.

ఇక ఎన్నిక సంగతి. మొదట, తన సైకిలునకు మీటచువ్వ తగునో తగదో చూచుకొనవలెను. ఇటీవలి మౌంటెన్ బైకులలో పెక్కింటికి త్రూ యాక్సిల్ అను లావైన ఇరుసు ఉన్నది. అది సాధారణముగా ముందు 15, వెనుక 12 మిల్లీమీటర్ల లావు కలిగి, మూసియున్న రంధ్రములలోనుండి దూరును. అట్టి సైకిలునకు మీటచువ్వ పట్టదు. గాళ్ళు తెరచియున్న సైకిళ్ళకే ఇది తగినది.

రెండవది పొడవు. మీటచువ్వ వాడు మౌంటెన్ బైకులలో సాధారణముగా ముందు ఫోర్కు కొనల నడుమ 100 మిల్లీమీటర్లును, వెనుక 135 మిల్లీమీటర్లును ఎడము ఉండును. చువ్వ ఈ ఎడమునకును, రెండు కొనల మందమునకును చాలి, నట్టులోనికి కనీసము ఐదు పూర్తి చుట్లు దిగవలెను. మరలు రెండు చుట్లు మాత్రమే పట్టిన నట్టు చూపునకు బిగిసినట్లుండి, కుదుపులో జారిపోవచ్చును.

మూడవది లోహము. దుకాణములో మెరయు రంగులతో టైటానియపు చువ్వలును, అల్యూమినియపు మీటలును కనబడును. అవి తేలిక. కాని ఒకే లావు గల చువ్వలపై ఒకే బలము పెట్టినచో టైటానియము ఉక్కుకంటె దాదాపు రెట్టింపు సాగును. అదుముడు కొరకై వాడు వస్తువునకు ఇది గుణము కాదు. ఉక్కు చువ్వల జత సుమారు 130 గ్రాములు తూగును. తేలిక జతను కొన్నందున తగ్గు బరువు స్వల్పమే. కొండ దిగువారికి, అందునను డిస్కు బ్రేకు గలవారికి, ఆ లాభముకంటె ఉక్కు పట్టు మేలు.

నాలుగవది కామ్ అమరిక. కొన్నింటిలో కామ్ లోహపు గూటిలో మూసియుండును. బురద లోనికి పోదు, గ్రీజు వెలికి రాదు, రాపిడి తక్కువ. కావున చేతిబలము వ్యర్థము గాక అదుముడుగా మారును. మరికొన్నింటిలో కామ్ వెలుపల తెరచియుండి, తరచుగా ప్లాస్టికు దిండుమీద తిరుగును. బురద చేరిన కొలదిని, దిండు అరిగిన కొలదిని పట్టు తగ్గును. మొదటి రకము చూపునకు మొరటు, రెండవది నాజూకు. కొండదారికి మొరటుదే మంచిది.

ఐదవది ముఖములు. ఫోర్కును తాకు మీట తలకును, నట్టునకును ఉక్కు పళ్ళు ఉన్నచో అవి ఫోర్కు లోహమును గట్టిగా కరచి పట్టును. నున్నని ముఖములు జారును. చువ్వకు ఇరువైపుల ఉండు చిన్న స్ప్రింగులు పట్టుకొరకు కావు; చక్రమును తగిలించునప్పుడు నట్టును, మీటను సమదూరమున నిలుపుటకు మాత్రమే. వాని సన్నని కొన హబ్బువైపునకు ఉండవలెను.

ఆరవది మీట తిరుగు హద్దు. ఈ విషయమున 2015లో జరిగిన సంగతి ఒకటి అందరికిని పాఠము. ఆ సంవత్సరము ఒక తయారీ సంస్థ అమెరికా, కెనడా దేశములలో అమ్మిన దాదాపు పది లక్షల సైకిళ్ళకు ముందు మీటచువ్వలను మార్చియిచ్చుటకు పూనుకొనవలసి వచ్చెను. ఆ మీటలు తెరచినప్పుడు హద్దు దాటి వెనుకకు తిరిగి, డిస్కు పళ్ళెమునకు చిక్కుకొనగల విధమున ఉండెను. మీట సరిగా మూయక నడిపినచో చక్రము ఒక్కసారిగా ఆగిపోవును, లేదా ఊడిపోవును. అట్టి ప్రమాదములలో ఒకరికి కాలుసేతులు చచ్చుబడిపోయినవి. అప్పుడు ప్రజలకు తెలిపిన పరీక్ష ఎంతయు సులభము. మీటను పూర్తిగా తెరచి, మీటకును డిస్కు పళ్ళెమునకును నడుమ ఒక పెన్సిలును దూర్చవలెను. పెన్సిలు పట్టనిచో ఆ మీటచువ్వ పనికిరాదు. పది లక్షల సైకిళ్ళ మంచిచెడ్డలను బడిపిల్లవాని పెన్సిలు తేల్చినది!

పట్టణములో సైకిలును వీధిలో నిలుపువారు మరియొక విషయము ఆలోచింపవలెను. తనకు సులభముగా ఊడు చక్రము దొంగకును అంత సులభముగా ఊడును. అట్టివారికి మీట లేక, ఆరు పలకల తాళపుచువ్వతో, అనగా అలెన్ కీతో, బిగించు రకము మేలు.

ఎంత మంచి మీటచువ్వను కొన్నను, మూయుట తెలియనిచో ప్రయోజనము లేదు. సైకిలును నిటారుగా నేలపై నిలిపి, ఇరుసు గాళ్ళలో పూర్తిగా కూర్చున్నదో లేదో చూడవలెను. మీటను తెరచియుంచి, రెండవ చేతితో నట్టును బిగింపవలెను. మీట ఇరుసునకు సూటిగా, వెలుపలికి చూచుచున్న స్థితికి వచ్చినప్పుడు చేతికి అడ్డు తగులుట మొదలుకావలెను. అక్కడినుండి అరచేతితో గట్టిగా నొక్కి మూయవలెను. సరిగా మూసినప్పుడు అరచేతిలో మీట అచ్చు పడును. సులభముగా మూసికొన్నచో తెరచి, నట్టును రవంత బిగించి మరల మూయవలెను. ఎంత నొక్కినను మూసికొననిచో నట్టును రవంత వదలు చేయవలెను, సుత్తితో కొట్టరాదు. మీటను రెక్కల నట్టువలె గుండ్రముగా త్రిప్పి బిగించుట పలువురు చేయు తప్పు. అట్లు చేసినచో కామ్ పనిచేయనే చేయదు; చక్రము బిగిసినట్లు తోచును గాని బిగియదు. మూసిన మీట వెనుకకు గాని, ఫోర్కు కాలి ప్రక్కగా పైకి గాని చూడవలెను. ముందుకు చూచినచో దారిలోని కొమ్మ తగిలి తెరచుకొనవచ్చును. కొండ దిగిన వెంటనే మీటను తెరవబోవువారు ప్రక్కనున్న డిస్కు పళ్ళెము కాగిన పెనమువలె ఉండునని మరువరాదు.

చివరగా చక్రమును నేలనుండి ఎత్తి, పైనుండి టైరుమీద అరచేతితో గట్టిగా చరచి చూడవలెను. చక్రము కదలనిచో ప్రయాణమునకు సిద్ధము. ఈ పరీక్షను నిన్న చేసితిమని నేడు మానరాదు. బడి ముందర వరుసగా నిలిపిన సైకిళ్ళలో ఒకదాని మీటను ఏ పిల్లవాడో వేడుకకు తెరచి పోవచ్చును. వానికది వేడుక, నడుపువానికి ప్రాణాపాయము.

మెరుగును చూచి కొన్నవాడు కొనుట వరకే ఆనందించును. పట్టును చూచి కొన్నవాడు కొండ దిగి ఇల్లు చేరిన పిమ్మట కూడ ఆనందించును. నాటి బండివాడు వంగి కడసీలను తాకి చూచుకొనుటకు పట్టినది క్షణము మాత్రమే. నేటి సైకిలువాడు మీటను తాకి చూచుకొనుటకును అంతే పట్టును. బండి మారినది, దారి మారినది. వంగి చూచుకొనవలసిన అవసరము మాత్రము మారలేదు.

ప్రశ్నలు

1. చక్రమును నిలుపునది చువ్వ లావు కాదు, అదుముడే అనుటకు కారణమేమి?
2. డిస్కు బ్రేకు వేసినప్పుడు ముందు ఇరుసు క్రిందికి ఏల నెట్టబడును? బొమ్మ గీచి వివరింపుము.
3. కొండదారిలో నడుపువారు ఉక్కు చువ్వను, మూసిన కామ్‌ను ఏల కోరుకొనవలెను?
4. పెన్సిలు పరీక్ష యనగా నేమి? అది ఏ ప్రమాదమును నివారించును?