క్లిప్పులు తీశాక రిటైనర్ మానకండి

పళ్ళ క్లిప్పులు తీసిన రోజు పిల్లలకు పండగే. అయితే పళ్ళు వరుసలోకి వచ్చాయే గాని ఇంకా కుదురుకోలేదు. పంటిని ఎముకకు పట్టి ఉంచే నారలు సర్దుకోవడానికి 3, 4 నెలలు పడుతుంది. చిగుళ్ళలోని సాగే నారలకైతే ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అంతవరకు అవి పంటిని పాతచోటికే లాగుతుంటాయి. ఆ లాగుడును ఆపేదే రిటైనర్. మొదట్లో ఎన్ని గంటలు పెట్టుకోవాలో మీ దంతవైద్యులు చెబుతారు. తర్వాత రాత్రిపూట చాలు, కాని ఏళ్ళ తరబడి. క్లిప్పులు ఎన్నడూ వేయించుకోనివారికి కూడా వయసుతో కింది ముందుపళ్ళు ఇరుకవుతాయి మరి.

మన ఉక్కునగరం, గాజువాక పిల్లలు చాలామంది పదో తరగతి కాగానే ఇంటర్‌కు విజయవాడ హాస్టళ్ళకు వెళతారు. పచ్చళ్ళు సర్దే తల్లులు రిటైనర్ డబ్బా కూడా సర్దాలి. భోజనాల దగ్గర కాగితంలో చుట్టి పెడితే అది ఎంగిలితోపాటు చెత్తబుట్టకే పోతుంది. వేడినీళ్ళు తగిలినా, ఎండలో నిలిపిన కారులో వదిలినా వంకరపోతుంది. చన్నీళ్ళు, మెత్తని బ్రష్ చాలు. బీచ్‌లో నీళ్ళలోకి దిగేముందు తీసి డబ్బాలో పెట్టించండి; కెరటానికి పోతే ఇక దొరకదు.

కొద్దిరోజులు మానితే బిగుతుగా అనిపిస్తుంది. అంటే పళ్ళు కదిలాయన్నమాట. పూర్తిగా అమరితే వెంటనే మళ్ళీ మొదలుపెట్టాలి. అమరకపోతే బలవంతంగా నొక్కకుండా, దసరా సెలవుల దాకా ఆగకుండా వైద్యులకు చూపించండి. పోయినా అంతే. తిడతారని పిల్లలు నెలల తరబడి దాస్తారు, ఈలోగా పళ్ళు పక్కకు తిరుగుతాయి. మళ్ళీ క్లిప్పులు వేయించడం కంటే కొత్త రిటైనర్‌కయ్యే ఖర్చు చాలా తక్కువ. పళ్ళ వెనుక తీగ అతికించినవారు అది ఊడిందేమో అప్పుడప్పుడు నాలుకతో తడిమి చూసుకోవాలి.