ప్రశ్నలు – జవాబులు: ఫొటో తిరిగొచ్చిందా?

ప్ర: ఫొటోలు అమ్మే సైట్లలో నా పాత ఫొటోలు సైజు చాలక రిజెక్ట్ అవుతున్నాయి. సాఫ్ట్‌వేర్‌లో పెంచి పంపొచ్చా?
– పాఠకురాలు, సదాశివపేట

జ: వద్దు. షటర్‌స్టాక్‌కైనా అడోబ్ స్టాక్‌కైనా కనీసం 4 మెగాపిక్సెల్స్ ఉంటే చాలు. అంత కూడా లేని ఫొటోను ఇంట్లో గోడకు పెట్టుకోండి.

ప్ర: మాది కొండాపూర్. పటాన్‌చెరులో షిఫ్టు డ్యూటీ. సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్నాను. డ్యూటీ దిగి వచ్చాక, పొద్దుగూకే వేళ పత్తిచేలు తీసి పంపితే నాయిస్ అనో ఫోకస్ లేదనో తిప్పి కొడుతున్నారు. ఫోన్లో చూస్తే బ్రహ్మాండంగా ఉన్నాయి. లెన్సు మార్చాలా?
– పాఠకుడు, కొండాపూర్

జ: లెన్సు జోలికి పోకండి. ‘ఫోన్లో చూస్తే’ అని మీరే రాశారు, తిప్పలన్నీ అక్కడే ఉన్నాయి. అరచేతిలో పట్టే తెర మీద ఏ ఫొటో అయినా బాగానే కనబడుతుంది. కొనేవాడు దాన్ని పోస్టరంత చేసుకుంటాడు, అందుకే సైట్లు పూర్తి సైజులో పరీక్షిస్తాయి.

మీరు అసలు ఫైలే పంపారు, మంచి పని చేశారు. కంప్యూటర్లో నూరు శాతానికి పెంచి చూశాను. పగిలిన పత్తికాయలో దూది పోగులు పోగులుగా కనబడాలి. మీ ఫొటోలో తడిసిన ముద్దలా ఉంది. కారణం ఫైల్లోనే ఉంది: ఐఎస్‌ఓ 3200, షట్టర్ సెకనులో 30వ వంతు, కెమెరా చేతిలో. చీకట్లో ఐఎస్‌ఓ పెంచారు, గరుకు వచ్చింది. ఆ గరుకును సాఫ్ట్‌వేర్‌తో తుడిచారు, దానితోపాటు పోగులూ పోయాయి. ఆపైన షార్ప్‌నెస్ పెంచితే కాయ అంచు చుట్టూ తెల్లటి గీత పడింది. ఒక తప్పు కప్పడానికి ఇంకో రెండు చేశారు. ఎడిటింగ్‌తో ఫొటోను బతికించవచ్చన్న నమ్మకం ఎంతమంది కుర్రాళ్ల చేత నెలలకొద్దీ నిద్ర మానిపిస్తోందో నా దగ్గరికొచ్చే ఉత్తరాలు చూస్తే తెలుస్తుంది. బాగు చేయాల్సింది తీసేటప్పుడే.

నైట్ షిఫ్టు దిగిన రోజు పొద్దున్నే చేను దగ్గర ఆగండి. ఏటవాలు ఎండలో ఐఎస్‌ఓ 100, ఎపర్చర్ ఎఫ్ 8, ట్రైపాడ్, రెండు సెకన్ల టైమర్. ట్రైపాడ్ లేకపోతే మీ 55 ఎంఎం దగ్గర షట్టర్‌ను 100వ వంతు కంటే తగ్గించకండి. గాలి వీస్తే ఇంకా పెంచాలి, కొమ్మ ఊగితే ట్రైపాడ్ ఏం చేస్తుంది? రా ఫైల్లో తీయండి. ఫోకస్ కాయ మీద, వెనకున్న ఆకు మీద కాదు.

ఇంకో మాట. సింగూరు దగ్గర నేను తీసిన తొలి ఫొటోలు తిరిగొచ్చింది ఆకాశంలో ఒక్క బూడిద చుక్క వల్ల. సెన్సర్ మీది దుమ్ము, ఎఫ్ 16 దగ్గర చక్కగా తేలింది. పటాన్‌చెరు రోడ్డు పక్కన లారీల దుమ్ములో లెన్సు విప్పకండి. అక్కడి ఫ్యాక్టరీల పొగగొట్టాలను ఫొటో తీసేటప్పుడు కంపెనీల బోర్డులు ఫ్రేములో పడనివ్వకండి, వాణిజ్య వాడకానికి పేర్లూ లోగోలూ పనికిరావు. ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం వైపైతే కెమెరా ఎత్తనే వద్దు.

ప్ర: బతుకమ్మ ఫొటోలు రంగుల పండుగలా ఉన్నా తీసుకోలేదు. ఎందుకు?
– పాఠకురాలు, సంగారెడ్డి

జ: రంగులు మరీ పెంచారమ్మా. మిట్టమధ్యాహ్నపు ఎండలో తంగేడు పసుపు పగిలిపోయి, రేకుల మధ్య గీతలే లేకుండా పోయాయి. నీడలోకి తెచ్చి, ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి తీయండి. ముఖాలు గుర్తుపట్టేలా ఉంటే ఒక్కొక్కరి సంతకంతో మోడల్ రిలీజ్ (అనుమతి పత్రం) కావాలి. అది లేకుంటే షటర్‌స్టాక్‌కు ఎడిటోరియల్ (వార్తల వాడకం) కింద పంపండి, కానీ అందులో ఒక్క తీగనైనా చెరపకూడదు. క్యాప్షన్‌లో ఊరు, తేదీ తప్పనిసరి.

ప్ర: మా ఊరి కోటగడ్డ దిబ్బ మీద తీసినవి, మ్యూజియంలోని మట్టిబొమ్మలవి అమ్ముకోవచ్చా?
– విద్యార్థి, కొండాపూర్

జ: మ్యూజియం బొమ్మల సంగతి ముందు అక్కడి అధికారులను అడగండి. రాతపూర్వక అనుమతి లేనిదే అమ్మకానికి పెట్టకండి. దిబ్బ ఫొటో తీసినప్పుడు మాత్రం వివరం దండిగా రాయండి: శాతవాహనుల కాలపు ఊరు, 1940ల్లో గులాం యజ్దానీ తవ్వించిన చోటు, సంగారెడ్డి జిల్లా. ఉత్త ‘కొండాపూర్’ అంటే వెతికేవాళ్లు హైటెక్ సిటీ పక్కనున్నదనుకుంటారు.

ఫొటోలు జతచేసేవాళ్లకు ఒక మనవి: అసలు ఫైలే పంపండి. వాట్సాప్‌లో నలిగి వచ్చిన కాపీ చూసి నేను ఏమీ చెప్పలేను.