మద్యం పర్మిట్ రద్దయితే అప్పీలు ఎక్కడికి?

అమెరికాలో మద్యనిషేధం 1933 డిసెంబరు 5న 21వ రాజ్యాంగ సవరణతో ముగిసింది. రెండేళ్లు తిరక్కముందే, 1935లో, ఫెడరల్ ఆల్కహాల్ అడ్మినిస్ట్రేషన్ చట్టం వచ్చింది. విస్కీ, వైన్ వంటివి తయారు చేయాలంటే దీని కింద ‘బేసిక్ పర్మిట్’ ఉండాలి. బీరు తయారీకి మాత్రం అక్కర్లేదు. పరీక్షల్లో ఇచ్చే ఆప్షన్లలో బోల్తా కొట్టించేది ఇదే. ప్రస్తుతం ఈ వ్యవహారాలు చూసేది ఆర్థిక శాఖ పరిధిలోని ఆల్కహాల్ అండ్ టొబాకో ట్యాక్స్ అండ్ ట్రేడ్ బ్యూరో (టీటీబీ).

నోటీసు ఇచ్చి, విచారణ జరిపాకే పర్మిట్‌పై వేటు వేయాలి. షరతులను ఉద్దేశపూర్వకంగా ఉల్లంఘించినా, తొలి తప్పుకు సస్పెన్షనే తప్ప రద్దు ఉండదు. రెండేళ్లకు మించి వ్యాపారం చేయకపోతే రద్దు చేయవచ్చు. మోసంతో పొందిన పర్మిట్ అయితే అసలు చెల్లకుండా పోతుంది.

అప్పీలు జిల్లా కోర్టుకు కాదు, నేరుగా ఫెడరల్ అప్పీళ్ల కోర్టుకు. గడువు 60 రోజులు. విచారణలో లేవనెత్తని అభ్యంతరాన్ని, తగిన కారణం చూపకుండా అక్కడ కొత్తగా తేలేరు. గట్టి సాక్ష్యం ఉంటే, వాస్తవాలపై అధికారులు తేల్చినదాన్ని కోర్టు కదపదు. అయితే తయారీదారుకు పెద్ద ఊరట ఒకటుంది: కోర్టు వద్దంటే తప్ప, అప్పీలు వేయగానే రద్దు ఉత్తర్వు అమలు ఆగుతుంది.

ఇక మన దేశానికి వస్తే, రాజ్యాంగంలో మద్యం రాష్ట్ర జాబితాలోని 8వ అంశం. మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.