లంకలో మిగిలిన పిల్లలు



మన కోనసీమవారికి లంక అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఒక పక్క గౌతమి, ఒక పక్క వసిష్ఠ, నడుమ వైనతేయ, దిగువన సముద్రం. వరద రోజుల్లో పడవ రాకపోతే అవతలి ఒడ్డు మరో లోకమే. 1986 ఆగస్టు వరదను కళ్లారా చూసినవారు మన విచారణల్లో ఇంకా ఉన్నారు. అందుచేత ఈ వారం ఒక లంక కథతోనే మొదలుపెడతాను. కాకపోతే అది గోదావరి లంక కాదు, ఆంగ్ల నవలలోని ఒక ద్వీపం.

విలియం గోల్డింగ్ అనే రచయిత 1954లో 'లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్' అనే నవల ప్రచురించారు. ఆయన బడిలో ఉపాధ్యాయుడు. రెండవ ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో పనిచేసి, మనిషి మనిషిని ఏమి చేయగలడో చూసి వచ్చినవాడు. 1983లో నోబెల్ బహుమానం అందుకున్నారు. నవల పేరుకు 'ఈగల ప్రభువు' అని అర్థం. రాజుల గ్రంథంలో ఎక్రోను పట్టణపు దేవతగా కనిపించే బాల్‌జెబూబు పేరుకు అర్థం అదే. సువిశేషాలలో దయ్యాల నాయకునికి అంటగట్టినదీ ఆ పేరే.

యుద్ధకాలంలో విమానం కూలి కొందరు బాలురు ఒక ద్వీపంలో చిక్కుకుంటారు. అందరికన్నా పెద్దవాడికి పన్నెండేళ్లు. కనిపెట్టి చూసే పెద్దదిక్కు లేదు. మొదట బుద్ధిగానే ఉంటారు. రాల్ఫ్ అనే అబ్బాయిని నాయకుడిగా ఎన్నుకుంటారు. శంఖం ఊదితే సభ. శంఖం ఎవరి చేతిలో ఉంటే వారే మాట్లాడాలి. పోయే ఓడలకు కనిపించేటట్లు కొండమీద మంట వేస్తారు. ఆ నిప్పు పుట్టేది పిగ్గీ అని అందరూ ఎగతాళి చేసే ఒక లావుపాటి అబ్బాయి కళ్లద్దాలతో. కొద్ది రోజులకు అడవిలో ఏదో మృగం ఉందన్న భయం పుడుతుంది. జాక్ అనే మరో బాలుడు ఆ భయాన్ని ఆసరా చేసుకుని ముఠా కడతాడు. ముఖాలకు రంగులు పూసుకుంటారు, అడవిపందిని చంపి చిందులు వేస్తారు. కొండమీద ఉన్నది మృగం కాదు, చచ్చిపోయిన ఒక సైనికుడి దేహమని కనిపెట్టి, ఆ మాట చెప్పడానికి సైమన్ అనే మెతక పిల్లవాడు చీకట్లో వస్తాడు. చిందులో ఉన్నవారు అతడినే మృగమనుకుని చంపేస్తారు. తరువాత పిగ్గీ కూడా చనిపోతాడు.

మన తల్లిదండ్రులు ఒక సంగతి గమనించాలి. జాక్, అతని వేటగాళ్లు దేవాలయ గాయకబృందం పిల్లలు. కథలోకి వచ్చేటప్పుడు నల్లని అంగీలతో వరుస తప్పకుండా నడిచి వస్తారు. పిల్లవాడు ఆదివారం పాటల్లో ఉన్నాడు కదా, ఇక దిగులు లేదనుకునేవారికి (అలా అనుకునే గురువులకు కూడా) ఈ ఒక్క వివరం చాలు.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో దీనిమీద మేము గంటల తరబడి వాదించుకునేవాళ్లం. చట్టం, దండన లేకపోతే మనిషి తోటి మనిషికి శత్రువేనని హాబ్స్ అన్నాడు. పుట్టుకతో మనిషి మంచివాడే, సమాజమే చెడగొట్టిందని రూసో అన్నాడు. గోల్డింగ్‌ది హాబ్స్ పక్షమని మాలో ఎక్కువమంది తేల్చేశారు.

అయితే అచ్చంగా ఇలాంటి సంఘటన ఒకటి నిజంగానే జరిగింది. 1965లో పసిఫిక్ మహాసముద్రంలోని టోంగా దేశంలో బడి చదువుతున్న ఆరుగురు కుర్రాళ్లు ఒక పడవ తీసుకుని పారిపోయారు. అడగకుండా తీసుకున్నారు, అంటే దొంగతనమే. తుపానులో తెరచాప చిరిగి, కొట్టుకుపోయి, 'అటా అనే నిర్జన ద్వీపానికి చేరారు. 1966లో పీటర్ వార్నర్ అనే ఆస్ట్రేలియా నావికుడు చూసేవరకు దాదాపు పదిహేను నెలలు అక్కడే బతికారు. తోట వేసుకున్నారు, వాననీరు చెట్టు మొద్దుల్లో పట్టుకున్నారు, నిప్పు ఆరిపోకుండా వంతులవారీగా కాశారు. తగవు వస్తే ఆ ఇద్దరూ చెరో వైపు వెళ్లి కోపం చల్లారాక రావాలని కట్టడి చేసుకున్నారు. ఒకడి కాలు విరిగితే మిగతావారు పుల్లలు కట్టి, అతని పని తాము పంచుకున్నారు. ఉదయం, సాయంత్రం ప్రార్థన.

కాబట్టి రూసో గెలిచాడా? అలా కాదు. పడవ దొంగిలించిన చేతులే విరిగిన కాలికి కట్టు కట్టాయి. ఆదిపాపం వలన మానవ స్వభావం గాయపడిందే తప్ప పూర్తిగా చెడిపోలేదని శ్రీసభ బోధ. 1992లో పునీత రెండవ జాన్‌పాల్ పోపుగారు ఆమోదించిన సత్యోపదేశ గ్రంథం కూడా ఈ మాటే చెబుతుంది. గాయపడినవాడు చచ్చినవాడు కాదు, వైద్యం అక్కరలేనివాడూ కాదు.

ఆ గాయం ఎక్కువగా సలిపేది ఎప్పుడు? పునీత అగస్టీను తన పదహారో ఏట స్నేహితులతో కలిసి పొరుగువాని చెట్టునుండి పియర్ పండ్లు దొంగిలించాడు. ఆకలికి కాదు, పండ్లు పందులకు పారేశారు. ఒంటరిగా ఉండి ఉంటే ఆ పని చేసేవాణ్ణి కాదని తన ఒప్పుకోళ్ల గ్రంథంలో వ్రాసుకున్నాడు. పక్కవాడు పద అన్నప్పుడు వెనుకాడడం సిగ్గనిపించింది. ఆ సిగ్గు చేయించే పనులు ఆకలి కూడా చేయించదు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి డాక్టర్ అంబేద్కర్ పేరు చేర్చాలని ప్రభుత్వం మే నెలలో ప్రతిపాదించింది. మే 24 మంగళవారం అమలాపురంలో ఏం జరిగిందో మనకు తెలుసు. ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుని ఇల్లు, బస్సులు తగలబడ్డాయి. పోలీసులకు దెబ్బలు తగిలాయి. ఒక పేరు ముందు మరో పేరు చేర్చినందుకు! 1996 నవంబరు 6 రాత్రి తుపానులో ఊరివారు, పేటవారు అన్న తేడా లేకుండా ఒకే స్లాబు కింద ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నామని పెద్దలు చెబుతుంటారు. సహాయం బియ్యం వచ్చేసరికి మళ్లీ వరుసలు వేరయ్యాయని కూడా వాళ్లే చెబుతారు.

ఆ గొడవ తరువాత కొద్ది రోజులకు ఇంటర్ చదివే ఒక అబ్బాయి తల్లితో నా దగ్గరకు వచ్చాడు. (పాపసంకీర్తనలో విన్నది కాదు, వరండాలో అందరి ముందూ అన్నమాట.) "నేను రాయి వేయలేదు ఫాదర్. ఊరికే నిలబడి ఫోన్‌లో వీడియో తీశానంతే" అన్నాడు. "మావాడు అమాయకుడండి" అంది తల్లి. నేను సరే బాబూ, భయపడకు అని పంపేశాను.

తరువాత ఆ నవల మళ్లీ తీసి చదివాను. సైమన్ చనిపోయిన రాత్రి ఆ చిందులో రాల్ఫ్, పిగ్గీ కూడా ఉన్నారు. మంచిపిల్లలు! తెల్లవారాక పిగ్గీ సర్దిచెప్పుకుంటాడు: చీకటి, ఉరుములు, మనం అంచునే ఉన్నాం. రాల్ఫ్ మాత్రం దానిని హత్య అనే పేరుతోనే పిలుస్తాడు. సెమినరీలో చదివినప్పుడు ఈ పుట నా కంట పడనే లేదు. మ్రానికొమ్మల ఆదివారం పాటుల వృత్తాంతంలో సిలువ వేయమని అరిచే జనం పాత్ర బల్లలమీద ఉన్న మనకే ఎందుకిచ్చారో కూడా అప్పుడే తెలిసింది.

నా సంగతి కూడా చెప్పాలి. ఆ వెంటనే వచ్చిన ఆదివారం, మే 29, క్రీస్తు మోక్షారోహణ పండుగ. ఆకాశం వైపు చూస్తూ నిలబడిన శిష్యులను దేవదూతలు మందలించిన పఠనంమీద ప్రసంగించాను. అమలాపురం ఊసెత్తలేదు. గుడిలో రెండు పక్షాలవారూ కూర్చుని ఉన్నారు మరి. కులవివక్ష ఘోరపాపమని 2016లో భారత మేత్రాణుల సమాఖ్య దళితుల సాధికారతపై తన విధాన పత్రంలో స్పష్టంగా చెప్పింది. అది నా బీరువాలో ఉంది. నేనూ అంచునే నిలబడ్డాను.

నెల తరువాత ఆ అబ్బాయిని మళ్లీ పిలిచి, నువ్వు వీడియో తీస్తున్నప్పుడు ఎవరి ఇల్లు తగలబడుతోంది అని అడిగాను. పేరు చెప్పాడు. ఆ ఇంట్లో ఆ సమయానికి మనుషులున్నారా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, పేటలో ఉన్న తన తరగతి స్నేహితుడితో మే నెల నుండి మాటలు లేవని తనంతట తానే చెప్పాడు. వెళ్తావా అన్నాను. మీరు కూడా వస్తారా ఫాదర్ అన్నాడు. కాలువ గట్టుమీద ఇద్దరం నడిచి వెళ్లాం. ఆ పిల్లవాడి తల్లి మంచం వాల్చింది, టీ పెట్టింది. కుర్రాళ్లిద్దరూ ముందు పరీక్షల గురించే మాట్లాడుకున్నారు.

ఈ ఆదివారం సాయంత్రం జపమాల అయ్యాక మీ ఇంట్లో ఈ లంక కథ పిల్లలకు చెప్పండి. ఆ చిందులో నువ్వు ఎక్కడ ఉండేవాడివి అని అడగండి. వాళ్లు మిమ్మల్ని కూడా అదే అడుగుతారు. ఆ రోజు మీరెక్కడ ఉన్నారో, ఏమన్నారో వారికి దాచకుండా చెప్పండి.