విదేశీ ఉద్యోగం, పన్ను నివాసం: రోజుల లెక్క

భివండీలోని పద్మనగర్ వంటి పేటలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు వలస కొత్త కాదు. తెలంగాణ నేత పల్లెల నుంచి మరమగ్గాల కోసం పెద్దలు వచ్చిన ఇళ్ల నుంచే నేడు దుబాయికో, మస్కట్‌కో, కువైట్‌కో బయలుదేరేవారున్నారు. రాష్ట్రం మారినంత మాత్రాన ఆదాయపు పన్నులో తేడా ఉండదు. దేశం మారితే ఉంటుంది. ఆ తేడాను నిర్ణయించేది వీసా కాదు, రేషన్ కార్డులోని పేరూ కాదు. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు భారతదేశంలో గడిపిన రోజుల సంఖ్య.

ఉద్యోగం నిమిత్తం దేశం విడిచిన భారత పౌరుడు, ఆ సంవత్సరంలో ఇక్కడ 182 రోజులు గాని అంతకు మించి గాని ఉంటే, సంవత్సరమంతటికీ నివాసిగా పరిగణింపబడతాడు. ఒక్క రోజు తగ్గినా ప్రవాసి. బయలుదేరిన రోజును కూడా కలుపుకుంటే, సెప్టెంబరు 28న విమానమెక్కినవారికి 181 రోజులు. మరునాడు ఎక్కినవారికి 182. సంవత్సరాన్ని విడగొట్టి సగం నివాసం, సగం ప్రవాసం అనే పద్ధతి మన చట్టంలో లేదు. 1961 నాటి చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన 2025 చట్టం కూడా ఈ లెక్కను అలాగే ఉంచింది.

అక్టోబరు 10న దుబాయి చేరిన కార్మికుని ఉదాహరణగా తీసుకోవచ్చు. అతనికి ఇక్కడ 193 రోజులు నిండాయి. కనుక మార్చి వరకు అక్కడ సంపాదించిన జీతం కూడా భారతదేశంలో లెక్కలోకి వస్తుంది. అక్కడ జీతంపై పన్ను లేదు గనుక ఇక్కడా లేదనుకోవడం పొరపాటు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల రూపాయల లోపు ఆదాయమున్న నివాసికి పన్ను పడకపోవచ్చు. అయినా రిటర్ను దాఖలు చేసి, విదేశీ బ్యాంకు ఖాతాను అందులో చూపాలి.

బ్యాంకు లెక్క వేరు. విదేశీ మారక ద్రవ్య చట్టం ప్రకారం ఉద్యోగానికి వెళ్లినవాడు వెళ్లిన నాటి నుంచే ప్రవాసి. పాత సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించుకోవాలి. అందువల్ల ఒకే మనిషి కొన్ని నెలలపాటు బ్యాంకుకు ప్రవాసిగా, పన్ను శాఖకు నివాసిగా ఉండవచ్చు.

భివండీలో ఎక్కువ చిక్కు తెచ్చేది కిరాయి. ఇక్కడి ఇంటి మీద, సాంచాల షెడ్డు మీద వచ్చే కిరాయి యజమాని ఎక్కడున్నా భారతదేశపు ఆదాయమే. యజమాని ప్రవాసి అయితే, కిరాయి ఎంత చిన్నదైనా కిరాయిదారు 31.2 శాతం టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాలి. ఇందుకు టాన్ సంఖ్య తీసుకోవాలి. నెలకు 30,000 రూపాయల కిరాయిలో 9,360 ఇలా పోతుంది. కోయకపోతే ఆ బాధ్యత, వడ్డీతో సహా, కిరాయిదారుపై పడుతుంది. అతడు సొంత బావమరిది అయినా చట్టానికి పట్టదు. ఏడాదికి 3,60,000 రూపాయల ఆ కిరాయి తప్ప ఇక్కడ వేరే ఆదాయం లేని ప్రవాసికి, కొత్త విధానంలోని 4 లక్షల మినహాయింపు పరిమితి వల్ల, కోసిన సొమ్మంతా తిరిగి వస్తుంది. కాని రిటర్ను వేస్తేనే. లేదా తక్కువ కోత కోసం పన్ను శాఖ నుంచి ముందే ధ్రువపత్రం తెచ్చుకోవచ్చు. 12 లక్షల వరకు పన్ను లేకుండా చేసే రిబేటు మాత్రం ప్రవాసికి వర్తించదు.

సెలవుపై వచ్చేవారికి కూడా 182 రోజులే హద్దు. భారతదేశపు ఆదాయం 15 లక్షలు మించినవారికి అది 120 రోజులకు తగ్గుతుంది. మగ్గాల కార్మికులలో ఈ నిబంధన తగిలేవారు అరుదు.

తిరిగి వచ్చి స్థిరపడేవారికి కొంత వెసులుబాటు ఉంది. వెనుకటి 7 సంవత్సరాలలో ఇక్కడ ఉన్నది మొత్తం 729 రోజులకు మించకపోతే, వచ్చిన కొత్తలో విదేశంలోని డిపాజిట్లపై అక్కడే వచ్చిన వడ్డీకి ఇక్కడ పన్ను ఉండదు. ఈ లెక్కలకు సాక్ష్యం పాస్‌పోర్టులోని రాకపోకల ముద్రలే. కొత్త పాస్‌పోర్టు వచ్చినా పాతదాన్ని పారవేయకుండా, ముద్రలున్న పుటల నకళ్లను రిటర్నులతో కలిపి భద్రపరచాలి.